ఒక్కోసారి వస్తుంది... ఒక్కోసారి మొరాయిస్తుంది!

టర్ర్... టర్ర్... టర్ర్... టక్.

అంతే. మళ్లీ ఉలుకూ పలుకూ లేదు.

తెల్లవారుజామున ముహూర్తం. పెళ్లికొడుకుని ఎక్కించుకుపోవాల్సిన తెల్ల అంబాసిడర్ తెనాలిలో ఓ కాల్వ పక్క వీధిలో బంతిపూల దండలు వేసుకుని నిలబడి ఉంటుంది. బాజాలవాళ్లు ముందు నడుస్తారు. కారు మాత్రం కదలదు. అప్పుడు చూడాలి చోద్యం. చుట్టాల్లో ఉన్న మెకానిక్కులంతా ఒక్కసారిగా బయటికొస్తారు. బ్యాటరీ పోయిందని ఒకరు, పెట్రోలు అందట్లేదని ఒకరు. ‘నిన్న సాయంత్రం ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది కదరా అబ్బాయ్!’ అని కారుగల బాబాయ్‌గారు నెత్తి కొట్టుకుంటారు. ‘నే ముందే చెప్పాను, టాక్సీ మాట్లాడమని’ అని మేనత్త దెప్పుతుంది. చివరికి పట్టుపంచెలు ఎగ్గట్టి నలుగురు కుర్రాళ్లు వెనకనుంచి తోస్తారు. నాలుగు గజాలు పోయాక ఇంజను దగ్గి, నల్లటి పొగ ఒకటి వదిలి, ఏమీ ఎరగనట్టు గురగుర మొదలుపెడుతుంది!

అసలు స్టార్టు కాని కారుతో పెద్ద చిక్కు లేదు. షెడ్డుకి ఈడ్చుకుపోతే ఏదో ఒకటి తేలుతుంది. ఒకరోజు వచ్చి ఒకరోజు రాని కారుతోనే అసలు తంటా. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే బుద్ధిమంతురాలిలా స్టార్టవుతుంది. ఇంటికి తెచ్చి, మర్నాడు అమ్మమ్మని ఆస్పత్రికి తీసుకెళ్దామంటే మొరాయిస్తుంది. తెనాలి, రేపల్లె, బాపట్ల... ఈ మూడూళ్ల మధ్య తిరిగే పాత కార్ల జబ్బులు చూస్తే మాత్రం ఒక సంగతి అర్థమవుతుంది. కారు మొండికేయడం వెనక కారు వయసే కాదు, ఊరి గాలీ నీరూ కూడా ఉన్నాయి!

మూడు కాల్వల ఊళ్లో...

తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అనడం పాత ముచ్చటే. కృష్ణా పశ్చిమ డెల్టా కాల్వలు మూడు ఊరి మధ్యనుంచి పోతాయి. వరి, మినుము, అరటి, నిమ్మ... పంట చేతికొచ్చిన ఏడాది ఇంటికో ఇనప్పెట్టెతోపాటు కారు కూడా కొన్న కుటుంబాలున్న ప్రాంతమిది. అప్పట్లో ఎంచుకోవడానికి పెద్దగా ఏముంది? పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ 1957 నుంచి చేసిన అంబాసిడర్, లేదంటే బొంబాయి కుర్లా నుంచి వచ్చే ఫియట్. 1970ల్లో దాని పేరు ప్రీమియర్ పద్మినిగా మారినా జనం నోట్లో ఫియట్‌గానే ఉండిపోయింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక లెక్క మారింది. పద్మిని తయారీ 2000 ప్రాంతంలో ఆగింది. మారుతి 800, అంబాసిడర్ రెండూ 2014లోనే సెలవు తీసుకున్నాయి. బళ్లు ఆగిపోయాయిగానీ, ఉన్నవాటి మీద ప్రేమ ఆగిపోలేదు.

ఆ ప్రేమకి కారణాలు వేరువేరు. నాన్నగారు మొదటిసారి ధాన్యం డబ్బుతో కొన్న కారని కొందరు. అక్క పెళ్లి ఊరేగింపు ఇందులోనే అయిందని కొందరు. పిల్లలు అమెరికాలో, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు, షెడ్డులో దుప్పటి కప్పుకుని ఒక కారు. ఇలాంటి ఇళ్లు ఈ వైపు తక్కువేం కాదు. ఆ పెద్దాయన నెలకోసారి గుడికో, బ్యాంకుకో బయటికి తీస్తారు. సరిగ్గా అలాంటి కారే ఎక్కువ మొరాయిస్తుంది. ఎందుకంటే బ్యాటరీకి ఊరికే కూర్చోవడం పడదు. వాడకపోయినా ఛార్జి కొద్దికొద్దిగా దిగిపోతుంది. స్టార్టు చేసి సందు చివరి దాకా వెళ్లొస్తే, సెల్ఫ్ లాక్కున్న కరెంటు తిరిగి బ్యాటరీలోకి చేరడానికి ఆ కాస్త ప్రయాణం చాలదు. అలా నాలుగుసార్లు జరిగితే అయిదోసారి ‘టక్’ మనడమే మిగులుతుంది.

అనుభవం ఉన్న మేస్త్రీ కారు చూడగానే బానెట్ ఎత్తడు. ముందు ప్రశ్నలేస్తాడు. పొద్దున్నే రావట్లేదా, ఎండలో తిరిగొచ్చాక రావట్లేదా? సెల్ఫ్ తిరుగుతోందా, అసలు తిరగట్లేదా? వర్షం పడ్డ మర్నాడా, రోజూనా? పెట్రోలు వాసన వస్తోందా? ఈ నాలుగింటికీ సరైన జవాబిస్తే సగం రిపేరు అయిపోయినట్టే. చాలామంది ‘ఏమోనండీ, స్టార్టవట్లేదు’ అని ఊరుకుంటారు. దాంతో చేతికి దొరికిన పార్టల్లా మార్చడం మొదలవుతుంది. కొత్త బ్యాటరీ, కొత్త ప్లగ్గులు, కొత్త కాయిల్... వేలు ఖర్చయ్యాక ఒక తుప్పు పట్టిన నట్టు దగ్గర తేలుతుంది వ్యవహారం. డాష్‌బోర్డులో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, కారు రానప్పుడల్లా తేదీ, వేళ, ఎండా వానా, ఎంతసేపు ఆగి ఉందో రాసుకుంటే మేలు. పదిసార్లు రాశాక జబ్బు దానంతటదే బయటపడుతుంది.

చీకట్లో చేసే ఒక తేలిక పరీక్ష ఉంది. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు ఒక్కసారిగా గుడ్డి దీపాల్లా అయిపోతే బ్యాటరీ బలహీనమైనా అయ్యుండాలి, దాని తీగలు సరిగా అంటుకోకపోయినా ఉండాలి. లైట్లు ధగధగా వెలుగుతూనే ఉండి సెల్ఫ్ మాత్రం తిరక్కపోతే తాళం స్విచ్, సోలినాయిడ్, వాటి మధ్య వైరు వైపు చూడాలి. సెల్ఫ్ చకచకా తిరుగుతూ ఇంజను అందుకోకపోతే బ్యాటరీని తిట్టి లాభం లేదు. అప్పుడు రెండే అనుమానాలు... నిప్పు లేదు, లేదా పెట్రోలు లేదు.

మీటరు ఉన్నవాళ్లకి మరికాస్త తేలిక. రాత్రంతా ఆగి ఉన్న కారు బ్యాటరీ పొద్దున్నే 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2కి వస్తే సగం. ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య చూపించాలి. అది 12 దగ్గరే ఆగిపోతే ఛార్జి ఎక్కట్లేదన్నమాట. ఇక బ్యాటరీ ఎన్నిసార్లు మార్చినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

మంచు కురిసే వేళ... రేపల్లె

తెనాలి నుంచి రేపల్లె 35 కిలోమీటర్ల దాకా ఉంటుంది. వేమూరు, భట్టిప్రోలు మీదుగా రైలు కూడా ఈ దారినే పోతుంది. భట్టిప్రోలు బౌద్ధ స్తూపం దాటాక పొలాలు ఇంకా విశాలమవుతాయి, గాలిలో చెమ్మ పెరుగుతుంది. ఓ పక్క కృష్ణ, మరోవైపు నిజాంపట్నం సముద్రం. ధనుర్మాసంలో పొద్దున్న ఏడయినా రోడ్డు కనపడనంత మంచు. కోసిన వరి పనల మీద, గడ్డివాముల మీద, వాకిట్లో పెట్టిన కారు మీద ఒకేలా కురుస్తుంది.

ఆ మంచు బానెట్ కిందికీ పోతుంది. పాత కార్లలో కాయిల్ నుంచి వచ్చే వేల వోల్టుల కరెంటుని డిస్ట్రిబ్యూటర్ నాలుగు ప్లగ్గులకీ పంచుతుంది. దాని నల్లటి మూత లోపల సన్నటి తేమ పొర పట్టిందంటే ఆ కరెంటు ప్లగ్గు దాకా పోకుండా తడి దారిన ఇంజను బాడీలోకి పారిపోతుంది. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజను అందుకోదు. ఎండెక్కాక తొమ్మిదింటికి ఎవరూ ఏమీ చేయకుండానే స్టార్టవుతుంది! ‘కారుకి దిష్టి తగిలింది’ అని నిమ్మకాయలు కట్టేది ఇలాంటప్పుడే. దిష్టి కాదు, తేమ. మూత తీసి పొడిబట్టతో లోపలా బయటా తుడిచి, ప్లగ్గు వైర్లు కూడా తుడిస్తే చాలు. మూతలో జుట్టులాంటి సన్నటి పగుళ్లు ఉంటే తుడిచి లాభం లేదు, మార్చాలి.

అదే మూత కింద పాయింట్లు ఉంటాయి. అంబాసిడర్‌లో వాటి మధ్య ఖాళీ మిల్లీమీటరులో సగం కూడా కాదు... 0.4 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా ఉండాలి. గేజీ చేతిలో లేని చోట విజిటింగ్ కార్డు పెట్టి చూసుకునేవాళ్లూ ఉన్నారు. పాయింట్లు కాలి గుంటలు పడితే ఉప్పు కాగితంతో రుద్దుతారు. పక్కనే వేలెడంత కండెన్సర్. చల్లగా ఉన్నప్పుడు బాగానే పనిచేసి, వేడెక్కాక చేతులెత్తేసే గుణం దానిది. తెనాలిలో బయల్దేరినప్పుడు కులాసాగా ఉన్న కారు భట్టిప్రోలులో టీకి ఆపితే మళ్లీ రాకపోవడానికి, అరగంట ఆగితే రావడానికి ఇదో కారణం. ఇంజను మొత్తంలో చవకైన వస్తువుల్లో ఇదొకటి. అందుకే చాలామందికి దీనిమీద అనుమానం రాదు.

రాత్రిపూట ఈ పల్లెల్లో కారు అవసరం వేరు. ఎవరికో గుండెల్లో నొప్పి, పెద్దాస్పత్రి గుంటూరులోనో తెనాలిలోనో. 108 వచ్చేదాకా ఆగలేక పక్కింటి కారు కోసం పరిగెత్తుతారు. అప్పుడు సెల్ఫ్ ‘టక్’ మంటే ఆ శబ్దం కారు యజమానికి జీవితాంతం గుర్తుండిపోతుంది. లంకల వైపు ఇళ్లలో ఈ భయం ఇంకాస్త ఎక్కువ. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగినప్పుడు కొల్లూరు, రేపల్లె వైపు లంక గ్రామాల్లోకి నీళ్లొచ్చాయి. ఇంటి మనుషుల్ని, గొడ్లని ఒడ్డుకి చేర్చుకున్నాకే ఎవరికైనా కారు గుర్తొచ్చేది.

నీళ్లు తీశాక చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ‘వస్తుందేమో చూద్దాం’ అని తాళం తిప్పడం. ఆ ఒక్క తిప్పుకే ఇంజను పాడయ్యే ప్రమాదం ఉంది. గాలి గొట్టంలోంచి సిలిండర్‌లోకి నీళ్లు చేరి ఉంటే పిస్టన్ వాటిని నొక్కలేదు. గాలి నలుగుతుందిగానీ నీళ్లు నలగవు. కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. మునిగిన కారుకి ముందు బ్యాటరీ తీగ విప్పాలి. తర్వాత ప్లగ్గులు తీసి ఇంజనుని చేత్తో తిప్పి లోపలి నీళ్లు బయటికి పోనివ్వాలి. ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులోకి మారితే మొత్తం పారబోసి కొత్తది పోయాలి. అంతదాకా తాళం చెవి ఇంట్లో బీరువాలో ఉండటమే మంచిది!

ఉప్పుగాలి ఊరు

రేపల్లె నుంచి చెరుకుపల్లి, చందోలు దారిన బాపట్ల. చందోలు ఒకప్పుడు వెలనాటి చోళుల రాజధాని అంటే ఇప్పుడు నమ్మడం కష్టం. బాపట్ల సంగతి వేరు. భావనారాయణస్వామి గుడి, 1945లో పుట్టిన వ్యవసాయ కళాశాల, ఇంటింటా ఉడికే బీపీటీ 5204 బియ్యం... పేరులోని మొదటి మూడక్షరాలూ ఈ ఊరివే. 2022 ఏప్రిల్ నుంచి జిల్లా కేంద్రం కూడా. రేపల్లె ఈ జిల్లాలోకి వచ్చింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. ఊరికి తొమ్మిది కిలోమీటర్లలో సూర్యలంక. ఆదివారం వస్తే హైదరాబాదు నంబర్ల కార్లూ అక్కడ బారులు తీరతాయి.

సముద్రం చూసొచ్చిన ఆనందం మనుషులకి. కారుకి మిగిలేది ఉప్పు. గాలిలో ఎగిరొచ్చే ఆ ఉప్పు తేమని లాక్కుంటుంది, ఇనుమూ రాగీ సీసం కలిసే ప్రతి చోటా కూర్చుంటుంది. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా బూజులా పేరుకునేది కొంత యాసిడ్ ఆవిరి పుణ్యం, కొంత ఈ గాలి పుణ్యం. అది కనబడుతుంది కాబట్టి ఎవరో ఒకరు తుడుస్తారు. వేణ్నీళ్లలో వంటసోడా కలిపి పోస్తే బుసబుసా పొంగి పోతుంది. ఆరాక టెర్మినల్ బిగించి పైన కాస్త వాజిలీన్ రాస్తే చాలు. కనబడని చోట ఉండేది ఎర్తు తీగ. బ్యాటరీ నుంచి బాడీకి ఒకటి, ఇంజను నుంచి బాడీకి మరొకటి. బోల్టు కింద తుప్పు పడితే పైకి గట్టిగానే ఉన్నట్టు కనిపిస్తుంది, కరెంటు మాత్రం పోదు.

ఎంత తేడా వస్తుందో లెక్క చూడండి. సెల్ఫ్ మోటారు నూటయాభై ఆంపియర్ల దాకా లాగుతుందనుకుందాం. తుప్పు పట్టిన ఆ కీలు దగ్గర అడ్డు కేవలం 0.02 ఓములు. రెండూ గుణిస్తే 3 వోల్టులు. అంటే బ్యాటరీలో 12 ఉన్నా మోటారుకి చేరేది 9. లైటు వెలుగుతుంది, హారన్ మోగుతుంది, రేడియో పాడుతుంది... సెల్ఫ్ మాత్రం మూలుగుతుంది. ఎందుకంటే లైటుకీ హారన్‌కీ కావాల్సింది ఏ కొద్ది ఆంపియర్లో. అడ్డు చిన్నదైనా పెద్ద కరెంటు దగ్గరే దాని బండారం బయటపడుతుంది. ఒకరోజు వచ్చి ఒకరోజు రాకపోవడానికి ఈ వైపు మొట్టమొదట అనుమానించాల్సింది దీన్నే. బోల్టు విప్పి, లోహం మెరిసేదాకా రుద్ది, తిరిగి బిగించడానికి అరగంట పడుతుంది. బ్యాటరీ షాపుకి వెళ్లేముందు ఆ అరగంట ఖర్చుపెట్టడం అన్నివిధాలా లాభం.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది కూడా బాపట్ల దగ్గరే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గుర్తున్న పెద్దలు ఇప్పటికీ సముద్రంవైపు గాలి మారితే చెవి రిక్కిస్తారు. అలాంటి రాత్రుల్లో ట్యాంకు నిండుగా పెట్టుకుని, కారుని మెరకన నిలబెట్టుకోవడం తీరప్రాంతంవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక ఎండాకాలం. రోహిణి కార్తెలో బాపట్ల రోడ్డు మీద ఆగిన ఫియట్‌ది ఇంకో జబ్బు. ఇంజను వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోయి, పంపు ద్రవానికి బదులు బుడగలు లాగుతుంది. పాత డ్రైవర్లు దీనికి ‘ఏసీ పంపు’ మీద తడిబట్ట వేసి పది నిమిషాలు చెట్టు కింద కూర్చుంటారు. చూసేవాళ్లకి జ్వరానికి తడిగుడ్డ వేసినట్టుంటుందిగానీ, శాస్త్రం సరిగ్గా అదే! రోజుల తరబడి ఆగిన కారుది దీనికి తిరగబడ్డ సమస్య. పంపులో కవాటం కారి పెట్రోలంతా వెనక్కి ట్యాంకులోకి దిగిపోతుంది. బోలెడంతసేపు సెల్ఫ్ కొడితేగానీ కార్బొరేటర్‌కి చేరదు. అంతలో బ్యాటరీ అయిపోతుంది. చోకు లాగి, యాక్సిలరేటర్ అదేపనిగా తొక్కితే ఇంజను పెట్రోలులో మునిగి ప్లగ్గులు తడుస్తాయి. అప్పుడు చోకు మూసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. పెట్రోలు వాసన ఘాటుగా ఉంటే మాత్రం కాసేపు ఆగాలి, బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ రాకూడదు.

కొత్త చిక్కు కూడా ఒకటి తోడైంది. 2023 ఫిబ్రవరి నుంచి బంకుల్లోకి వచ్చిన 20 శాతం ఇథనాల్ పెట్రోలు. ఇథనాల్‌కి తేమని పీల్చుకునే గుణముంది. నెలల తరబడి సగం ట్యాంకుతో ఆగి ఉన్న కారులో, అందునా ఈ తడిగాలిలో, నీళ్లు చేరి అడుగున పేరుకోవచ్చు. పాతకాలపు రబ్బరు గొట్టాలూ, పంపులోని డయాఫ్రం దానికోసం తయారైనవి కావు. ఉబ్బుతాయి, బిరుసెక్కి పగులుతాయి. గొట్టాలు కొత్త రకానివి వేయించుకోవడం, నెలల తరబడి ఆపేటప్పుడు ట్యాంకు నిండా పెట్టడం... చేయగలిగింది ఇంతే. వాట్సాప్‌లో వీడియో చూసి వంటింట్లో ప్లేటు పెట్టుకుని కార్బొరేటర్ విప్పే ఉత్సాహవంతులూ లేకపోలేదు. విప్పడం అందరికీ వస్తుంది, మిగిలిపోయిన ఆ రెండు స్ప్రింగులు ఎక్కడివో మేస్త్రీకే తెలుస్తుంది!

ఉంచాలా... వదిలించుకోవాలా?

ఈ ప్రశ్న దగ్గరే ఇంట్లో మాటా మాటా పెరుగుతుంది. 15 ఏళ్లు దాటిన సొంత కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయిస్తే అయిదేళ్లకి పనికొస్తుంది. ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి 5,000 రూపాయలైంది. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. పరీక్షలో నెగ్గితేనే రెన్యువల్. పార్టల కోసం విజయవాడ ఆటోనగర్‌కి తిరగాలి. దొరికినది ఒరిజినలో కాదో తెలీదు. ‘ఈ డబ్బుతో ఆటోలో ఊరంతా తిరగొచ్చు నాన్నా’ అని కొడుకు ఫోన్‌లో లెక్క చెబుతాడు. లెక్క తప్పని నాన్న కూడా అనరు. సాయంత్రం మళ్లీ బానెట్ ఎత్తుతారు, అంతే.

రాజీపడి అమ్మేసిన కార్లు ఇనుముగా తూకానికి పోతాయి. తెనాలిలో ఇనుముకి ఇంకో జన్మ కూడా ఉంది. ఇక్కడి సూర్య శిల్పశాలలో తండ్రీకొడుకులు నట్లు, బోల్టులు, గేర్లు, గొలుసులు అతికి నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. 2021లో 14 అడుగుల ప్రధాని మోదీ విగ్రహం ఇలాంటి పాత ఇనుముతోనే చేశారు. గేర్ల పళ్లూ బేరింగులూ దగ్గరినుంచి చూస్తే గుర్తుపట్టొచ్చు.

అమ్మలేనివాళ్లు మాత్రం ఉన్న కారుతో సర్దుకునే ఉపాయాలు నేర్చుకుంటారు. అంబాసిడర్ డిక్కీలో హ్యాండిల్ ఇంకా భద్రంగా ఉంటుంది. దాన్ని పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచాలన్నది పాత డ్రైవర్లు పిల్లలకి మొదట నేర్పే సంగతి. ఇంజను వెనక్కి తన్నితే చుట్టూ వేసిన బొటనవేలే విరిగేది. తోసి స్టార్టు చేయాలంటే తాళం వేసి, సెకండ్ గేరులో పెట్టి, క్లచ్ తొక్కి ఉంచి, వేగం అందాక వదలాలి. కాయిల్‌కి కాస్త కరెంటన్నా ఉంటేనే ఇది పనిచేస్తుంది. పెట్రోలు పంపు కరెంటు మీద నడిచే కార్లలో బ్యాటరీ మొత్తంగా చచ్చిపోతే ఎంతమంది తోసినా ఆయాసమే మిగులుతుంది.

తోయడానికి మనుషులు కావాలి. పిల్లలంతా ఊళ్లు పట్టిపోయాక తెల్లారుగట్ల ఎవరొస్తారు? పల్లం సాయం చేయాలి. తమాషా ఏమిటంటే డెల్టా అంతా అరచేయిలా చదును. చుట్టూ చూసినా ఒక వాలు కనబడదు. ఉన్నవల్లా కాల్వకట్టలు, వంతెనల దిగుళ్లు. అందుకే సెల్ఫ్ మీద నమ్మకం లేని పెద్దమనిషి రాత్రి కారుని ఇంటి ముందు పెట్టరు. కట్ట మీదికి ఎక్కించి, ముక్కు కిందికి ఉండేలా నిలిపి, చక్రాల కింద రెండు ఇటుకలు పెట్టి వస్తారు. పొద్దున్నే ఇటుకలు తీసి, హ్యాండ్‌బ్రేకు వదిలి, చప్పుడు లేకుండా జారుతూ జారుతూ కట్ట కిందికొచ్చేసరికి క్లచ్ వదులుతారు. ఎర్తు తీగ బాగుచేయించి ఏడాదైనా, సెల్ఫ్ ఇప్పుడు ఒక్క దెబ్బకే అందుకుంటున్నా, ఆ ఇటుకలు డిక్కీలోంచి దిగవు. కారు కట్ట మీదే నిద్రపోతుంది.